మావయ్య ఉత్తరం: పాప ఫొటోల గురించి

బుజ్జమ్మా,

నిన్న వాట్సాప్‌లో పంపిన నలభై ఫొటోలూ చూశాను. పాప బంగారం. ఫొటోలు మాత్రం బాగాలేవే తల్లీ, ముప్పై ఏళ్లు స్టూడియో నడిపిన మావయ్యని కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా. ఫోన్ చేస్తే పాప లేస్తుందని ఇలా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ముందు ఆ గదిలో బల్బు ఆపేయండి. కిటికీ వెలుగూ బల్బు వెలుగూ కలిస్తే ఒక చెంప నీలంగా, రెండో చెంప పసుపుగా వస్తుంది. పసుపంటే గుర్తొచ్చింది, పుట్టిన రెండు మూడు రోజులకి చాలామంది పిల్లలకి కామెర్లు కనిపించి తగ్గిపోతాయి గానీ, పాపకి ఇప్పుడు పదహారో రోజు. పగటి వెలుగులో కూడా ఒళ్లో కళ్లో పచ్చగా అనిపిస్తే ఫిల్టర్ కొట్టి తెల్లగా చేసుకుని ఊరుకోకుండా డాక్టరుకి చూపించండి. ఇంకొకటి, మీ అమ్మ ముచ్చటపడి వేయించిన ఆ ఆకుపచ్చ గోడ రంగు పాప బుగ్గ మీద పడుతోంది. గోడ వైపు ఒక తెల్ల దుప్పటి వేలాడదీస్తే సరి, ఆకుపచ్చ పోతుంది, నీడ పక్కన కాస్త వెలుగూ వస్తుంది.

ఇప్పుడు జనవరి కదా, సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, అందుకే మీ దక్షిణం బాల్కనీలోంచి ఎండ నేరుగా మంచం మీదికొస్తోంది. ఆ ఎండలో తీస్తే సగం మొహం సున్నం కొట్టినట్టు, సగం బొగ్గు పూసినట్టు ఉంటుంది. హాల్లో ఉత్తరం కిటికీ దగ్గర తీయండి, లేదంటే బాల్కనీ తలుపుకి పాత తెల్ల పంచె ఒక్క పొరగా కట్టండి. పాప తల కిటికీ వైపు కాస్త ఏటవాలుగా ఉండాలి, వెలుగు నుదుటి మీంచి ముక్కు మీదుగా గడ్డానికి జారాలి. కాళ్లు కిటికీ వైపు పెట్టారో, కరెంటు పోయినప్పుడు నేను గడ్డం కింద టార్చి పెట్టుకుని మిమ్మల్ని భయపెట్టేవాణ్ణి చూడు, అచ్చం అలాగే ఉంటుంది.

అల్లుడు ఫోన్‌ని పాప మొహంలో పెట్టి తీసినట్టున్నాడు, ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోయాయి. రెండడుగులు వెనక్కి జరిగి టూ ఎక్స్ నొక్కమను. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, చెవి మీది నూగునంతా అది తినేస్తుంది. ఫ్లాష్, క్లిక్ చప్పుడు, రెండూ ఆఫ్.

గడ్డం కింద రెండు చేతులూ పెట్టుకుని నిద్రపోయే పిల్లల ఫొటో పంపి "ఇలా తీయడం ఎలా మావయ్యా" అన్నావు. తీయకు. అది ఒక ఫొటో కాదే. ఒకసారి తల పట్టుకుని, ఇంకోసారి చేతులు పట్టుకుని తీసి, పట్టుకున్నవాళ్ల చేతులు కంప్యూటర్లో చెరిపేసి రెండూ కలుపుతారు. మెడ నిలవని పిల్ల తనంతట తాను అలా ఎక్కడ ఉంటుంది?

మా పెద్దవాడు పుట్టినప్పుడు నేనూ అలాంటి తెలివితక్కువ పనే చేశా. చిక్కడపల్లిలో స్టూడియో పెట్టిన కొత్త, ఎర్ర శాటిన్ గుడ్డ, రెండు ఫ్లాష్‌లు, ముప్పై ఆరు ఫొటోల రోల్ మొత్తం వాడి మీదే. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా ఉలిక్కిపడి చేతులు రెండూ చాపి ఏడుపు. రోల్ చివర ఒక్కటి మిగిలితే ఇంటికొచ్చాక తీశా, మా అమ్మ పెరట్లో కాళ్లు చాపుకుని వాణ్ణి బోర్లా వేసుకుని నీళ్లు పోస్తోంది. వాడి మొహమే కనపడదు. తడి వీపు, అమ్మ గాజులు, చెంబులోంచి జారే నీళ్లు, అంతే. ఇప్పటికీ హాల్లో ఉన్నది ఆ ఫొటోనే, మిగతా ముప్పై అయిదూ ఏ అట్టపెట్టెలో ఉన్నాయో కూడా తెలీదు.

పాపకి బొడ్డూడింది, మీ అమ్మ రోజూ నీళ్లు పోస్తోంది కదా, అది తీయండి. సాంబ్రాణి పొగ మాత్రం అంత చిన్న ఊపిరితిత్తులకి మంచిది కాదని నా మాటగా చెప్పు, అక్క నన్ను తిడితే తిట్టనీ. స్నానమై, పాలు తాగి పడుకున్నాక ఒక పావుగంట ఆగండి. చెయ్యి కొంచెం ఎత్తి వదిలితే మెత్తగా వాలిపోయిందంటే గాఢంగా నిద్రపోయినట్టు. అప్పుడు ఫ్యాన్ ఆపి, పొత్తిళ్లు కాస్త వదులు చేసి, గుప్పెట, పొట్టు లేస్తున్న పాదాలు, ముక్కు మీది తెల్ల చుక్కలు దగ్గరగా తీసుకోండి. ఇంకో నెలకి ఇవేవీ ఉండవు, ఉన్నవాటిని ఫిల్టర్‌తో తుడిచేయకండి. దిష్టి చుక్క అరికాల్లో పెట్టమను, ఫొటోలో ముద్దుగా ఉంటుంది. కళ్లకి కాటుక వద్దు.

మెలకువగా ఉన్నప్పుడు గిలక ఊపి కెమెరా వైపు తిప్పే పని పెట్టుకోకండి. ఈ వయసులో ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల దూరంలో ఉన్నదే కాస్త తేటగా కనిపిస్తుంది. నువ్వు మొహం దగ్గరగా పెట్టి మాట్లాడు, నిన్నే చూస్తుంది, అల్లుడు పక్కనుంచి తీస్తాడు. అన్నట్టు నలభైలో ఒక్కదాంట్లోనూ నువ్వు లేవేంటి? నైటీలో ఉన్నాననా? తలకి గుడ్డ కట్టుకున్నాననా? పెద్దయ్యాక పాప ముందు వెతికేది నిన్నే.

ఆదివారం పదకొండుకల్లా వస్తా. పంచె నేనే తెస్తాలే, మీ నాన్న పంచెలకి గంజి ఎక్కువ, కదిపితే చప్పుడుకి పిల్ల లేస్తుంది. కిందికి రాగానే మెసేజ్ పెడతా, బెల్ కొట్టను.

మావయ్య