22 అడుగుల ఫైబర్ బోటుకి ట్రాన్సమ్, స్ట్రింగర్లు మార్చాలంటే ఏ మ్యాట్, ఏ రెజిన్?

మీరు అడిగింది ఇది: సోనాపూర్ ఒడ్డున ఇసుక మీదకి లాగే 22 అడుగుల ఫైబర్ బోటు, 9.9 హెచ్‌పీ మోటారు. ట్రాన్సమ్ (మోటారు తగిలించే వెనక పలక) లోపలి ప్లై కుళ్లింది, స్ట్రింగర్లలో (బోటు అడుగు మీద పొడవునా సాగే దూలాలు) చెక్క పొడిలా రాలుతోంది. మిస్త్రీ 450 మ్యాట్ (చదరపు మీటరుకి 450 గ్రాముల తునక పీచు గుడ్డ) ఐదు పొరలు వేస్తే సరిపోతుందన్నాడు, బరంపురం కొట్లో అంతా ఎపాక్సీతోనే చెయ్యమన్నారు. ఇద్దరూ సగం సగమే చెప్పారు.

ముందు రెజిన్, అంటే గుడ్డని తడిపి గట్టిపడే ద్రవం, ఎపాక్సీయా పాలియెస్టరా తేల్చుకోండి, గుడ్డ ఆ తర్వాత. రెజిన్ మారితే గుడ్డ మారిపోతుంది. మామూలు చాప్డ్ మ్యాట్‌లో పీచుని పట్టి ఉంచే బైండర్ పాలియెస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకానికే కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి అదే మ్యాట్ ఎపాక్సీతో అట్టలా బిగుసుకుని ఉంటుంది, మూలల్లో ఒదగదు. ఎపాక్సీ కొంటే దానికి తగ్గట్టు కుట్టిన బయాక్సియల్ గుడ్డ (పీచు రెండు దిశల్లో పరిచింది), అదీ వెనక మ్యాట్ లేని రకం కొనాలి. ఇంకో సంగతి: ఎండిన పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా అంటుతుంది. ఎపాక్సీ మీద పాలియెస్టర్‌ని నమ్మడానికి లేదు. పని వరస అంతా దీని మీదే ఆధారపడుతుంది.

మీ బోటుకి నా సలహా: స్ట్రింగర్లు ఐసో పాలియెస్టర్‌తో (నీళ్లని ఎక్కువ తట్టుకునే రకం), ట్రాన్సమ్ ఎపాక్సీతో. స్ట్రింగర్లు ముందు, ట్రాన్సమ్ తర్వాత. ఎందుకంటే చెక్కకి పాలియెస్టర్ పట్టు బలహీనం. కొన్నాళ్లకి ప్లై మీద నుంచి పొర లేచి, ఆ సందులోకి నీళ్లు దిగి మళ్లీ కుళ్లు మొదలవుతుంది. ఎపాక్సీ ఖరీదు ఎక్కువే, కానీ ట్రాన్సమ్‌కి పట్టేది ఐదారు కేజీలే. బోటంతా ఎపాక్సీ అనవసరం. జీపీ (జనరల్ పర్పస్) పాలియెస్టర్ రెజిన్ చవక అని మాత్రం దిగకండి, ఉప్పునీళ్లలో ఐసోకీ దానికీ తేడా తెలుస్తుంది.

మ్యాట్‌లో పౌడర్ బైండర్ రకం అడిగి తీసుకోండి. ఎమల్షన్ రకం వంపుల్లో బాగా ఒదుగుతుంది గానీ తడి తగిలే చోట తెల్లబడే గుణం ఉంది. అమ్మేది కేజీల లెక్కన కాబట్టి కొట్టువాడు ఏదో ఒకటి తూచేస్తాడు, చుట్ట మీద చీటీ చూడండి. తేమకి తెరిచిపెట్టిన చుట్ట వద్దు. ఇక ఉత్త మ్యాట్ ఐదు పొరలంటారా, మందం వస్తుంది, బరువొస్తుంది, ఆ బరువులో ఎక్కువ భాగం రెజినే. 450 మ్యాట్‌కి గుడ్డ బరువు కన్నా రెండుంబావు, రెండున్నర రెట్లు రెజిన్ పడుతుంది. 600 వోవెన్ రోవింగ్‌కి (పొడవాటి పీచుతో నేసిన గుడ్డ) దాదాపు సమానం చాలు. అలల మీద ఎగిరిపడే బోటుకి కావల్సింది పొడుగాటి పీచు, అది రోవింగ్‌లోనే ఉంటుంది. కానీ రోవింగ్ మీద నేరుగా రోవింగ్ వెయ్యకూడదు, మధ్యలో మ్యాట్ లేకపోతే పొరలు విడిపోతాయి. మ్యాట్, రోవింగ్, మ్యాట్. ఎప్పుడూ ఇదే వరస.

స్ట్రింగర్ లోపల చెక్క అక్కర్లేదు. బలమంతా పైనున్న ఫైబర్‌ది, లోపలిది ఆకారం కోసమే. పీయూ (పాలియురేథేన్) ఫోమ్ వాడండి. థర్మాకోల్ మాత్రం వద్దు, పాలియెస్టర్ తగలగానే మంచులా కరిగి గుల్ల మిగులుతుంది. ఫోమ్‌ని 100 మి.మీ. ఎత్తు, 75 మి.మీ. వెడల్పు కోసి, పుట్టీ (పొడి కలిపి చిక్కబరిచిన రెజిన్) పరుపు మీద కూర్చోబెట్టండి. నేరుగా ఆనితే ఆ గీత వెంబడే అడుగు పగులుతుంది. పక్కలు కలిసే మూలలో వేలు పట్టేంత గుండ్రంగా పుట్టీ రాయాలి, గుడ్డ లంబకోణంలో తిరగదు, కింద గాలి నిలిచిపోతుంది. గుడ్డ అంచు బోటు అడుగు మీదకి ఇరువైపులా 75 మి.మీ. పాకాలి, ఒక్కో పొర అంచు ఇంకోదానికి పాతిక మి.మీ. ఎడంగా.

లెక్క చూద్దాం. చుట్టుకొలత 425 మి.మీ., పొడవు 5 మీటర్లు, రెండు స్ట్రింగర్లకి 4.25 చదరపు మీటర్లు. మూడు పొరలకి 450 మ్యాట్ 3.8 కేజీలు, 600 రోవింగ్ 2.6 కేజీలు. రెజిన్ పదకొండు కేజీలు దాటుతుంది, వృథాతో 13 అనుకోండి. పైతలం మీద 75 మి.మీ. రోవింగ్ పట్టీ ఇంకోటి, దాని మీద మ్యాట్ వేస్తే వంపు తట్టుకునే శక్తి బాగా పెరుగుతుంది, ఖర్చు కొంచెమే. పుట్టీకి, పై కోటుకి కలిపి 20 కేజీల రెజిన్ తెచ్చుకుంటే మధ్యలో ఆగదు. పాలియెస్టర్‌ని గట్టిపరిచే మెక్‌పీ హార్డ్‌నర్ 300 గ్రాములు సరిపోతుంది. రెజిన్ డబ్బా మీద తేదీ చూడండి, ఎండలో నిలవున్నది డబ్బాలోనే చిక్కబడుతుంది.

రెండు స్ట్రింగర్లనీ ఒకేసారి పీకకండి. బోటు ఇసుకలో వంకరగా కూర్చుంటే ఆ వంకరతోనే బిగుసుకుంటుంది. కింద టైర్లు, ఇసుక బస్తాలు సర్ది, ముక్కు నుంచి వెనక్కి దారం లాగి సరిచూసి, ఒకటి తీసి ఒకటి కట్టండి.

పాత ఫైబర్ మీద కొత్తది అంటేది గరుకుని పట్టుకునే. 36 లేదా 40 నంబరు డిస్కుతో మెరుపు పోయి పీచు కనబడేదాకా రుద్దాలి, దుమ్ము దులిపి, అసిటోన్ గుడ్డతో తుడవాలి. చాలా బోట్లలో స్ట్రింగర్ మొత్తం ఊడొచ్చేది ఇక్కడ బద్ధకించినందుకే, గుడ్డ పల్చనైనందుకు కాదు.

ఏప్రిల్, మే ఎండల్లో రెజిన్ తొందరగా గడ్డకడుతుంది. అప్పుడు హార్డ్‌నర్ ఒక శాతం కన్నా తగ్గిస్తే పైకి గట్టిగా కనబడినా లోపల ఎన్నటికీ పూర్తిగా ఎండదు. తగ్గించాల్సింది కోబాల్ట్‌ని (గట్టిపడటాన్ని తొందరపెట్టే ద్రవం), ఒకసారి కలిపే రెజిన్ పరిమాణాన్ని. ముందు కప్పులో 100 గ్రాములు కలిపి ఎన్ని నిమిషాలకి గట్టిపడుతుందో చూసుకుని, కేజీ చొప్పున కలపండి. తెల్లారగట్ల తేమ ఆరాక, ఎండ ముదరకముందు, పందిరి కింద చెయ్యండి. కోబాల్ట్ రెజిన్‌లో బాగా కలిశాకే హార్డ్‌నర్ పొయ్యాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది. కొలిచే కప్పులు కూడా వేరువేరుగా పెట్టుకోండి. హార్డ్‌నర్ కంట్లో పడితే చూపు పోవచ్చు, అద్దాలు లేకుండా సీసా మూత తియ్యొద్దు. ఒక విడతకి మూడు నాలుగు పొరలు దాటితే వేడికి ఉడికి పసుపు తిరుగుతుంది, ముడుచుకుంటుంది.

ట్రాన్సమ్‌కి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, 18 మి.మీ. రెండు. ఐఎస్ 303 కమర్షియల్ ప్లై తక్కువకొస్తుంది, ఇక్కడ పనికిరాదు. మోటారు క్లాంపు ఎంత తెరుచుకుంటుందో ముందే కొలవండి. బయటి పాత తొక్క 4, ప్లై 36, లోపలి పొర 2 కలిపితే 42 మి.మీ. అవుతుంది. ప్లై అంచులు, రెండు ముఖాలూ ఎపాక్సీ తాగించి, ఏరోసిల్ (చిక్కబరిచే సన్న సిలికా పొడి) కలిపిన ఎపాక్సీ పుట్టీని పళ్ల కరణీతో పరిచి నొక్కండి. ప్లైకి అక్కడక్కడా సన్న బెజ్జాలుంటే గాలి బయటికి పోతుంది, పుట్టీ బెజ్జంలోంచి వస్తే కింద నిండినట్టే. పైన 600 బయాక్సియల్ మూడు పొరలు, పక్కలకీ అడుక్కీ 150 మి.మీ. పాకేలా. 1.4 మీటర్ల వెడల్పు, 0.6 ఎత్తు ఉంటే గుడ్డ రెండున్నర కేజీలు, ఎపాక్సీ అంటించడంతో కలిపి ఆరు కేజీలు. స్ట్రింగర్ కొసలు ట్రాన్సమ్‌ని తాకే చోట పాలియెస్టర్‌ని రుద్ది, ఎపాక్సీ పట్టీలతో కలపండి.

ప్లై మళ్లీ కుళ్లేది బోల్టు రంధ్రాల నుంచే. రంధ్రం పెద్దగా తొలిచి, ఎపాక్సీ పుట్టీ నింపి, ఎండాక అందులో అసలు సైజు తొలవండి. అప్పుడు బోల్టుకి చెక్క తగలదు. నీళ్లు వదిలే బెజ్జానికీ ఇదే పద్ధతి.

పాలియెస్టర్ ఆఖరి కోటులో వ్యాక్స్ సొల్యూషన్ కలపకపోతే పైన జిగట పోదు, ఇసుకంతా దానికే. మధ్య పొరల్లో మాత్రం వ్యాక్స్ వద్దు, పై పొర అంటుకోదు. మోటారు తగిలించేముందు కనీసం వారం ఆగండి. అసిటోన్ గుడ్డతో రుద్ది చూడండి, పాలియెస్టర్ మెత్తబడి చేతికి అంటితే ఇంకా కాలేదని.