దూరవిద్యలో బీటెక్ చేయొచ్చా?

చేయలేం, మన దేశంలో దూరవిద్యలోగానీ పూర్తిగా ఆన్‌లైన్‌లోగానీ బీటెక్ చదివించడానికి యూనివర్సిటీలను చూసే యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ అనుమతి లేదు. ఇంజనీరింగ్‌ చదువులో ల్యాబులు చాలా ముఖ్యం. లేత్ మెషీన్ ముందు నిలబడి కొలతకు తగ్గట్టు ఇనుప కడ్డీ చెక్కడం వీడియో చూస్తే వచ్చేది కాదు. 2017లో సుప్రీంకోర్టు, కొన్ని డీమ్డ్ యూనివర్సిటీల్లో 2005 తర్వాత దూరవిద్యలో చేరినవాళ్ల ఇంజనీరింగ్ డిగ్రీలను రద్దు చేసింది కూడా.

ఉద్యోగం మానకుండా చదివే దారి మాత్రం ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి తాటిపాక దగ్గర గ్యాస్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తున్న కుర్రాడినే తీసుకోండి. కనీసం ఏడాది అనుభవం ఉంటే, ఉద్యోగుల కోసం ఏఐసీటీఈ అనుమతించిన బీటెక్‌లో నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. క్లాసుల వేళలు డ్యూటీకి తగ్గట్టు ఉంటాయి గానీ కాలేజీకి వెళ్లక తప్పదు. అన్ని కాలేజీల్లోనూ ఈ కోర్సు ఉండదు కాబట్టి, ఫీజు కట్టేముందు ఆ బ్రాంచికి అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. అమలాపురం, రాజమండ్రి బస్టాండుల్లో అంటించే పోస్టర్లను నమ్మడం కన్నా అది మేలు.

చాలామంది పొరబడేది ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ డిగ్రీ విషయంలో. అది మంచి చదువే, కానీ అది బీఎస్ (బ్యాచిలర్ ఆఫ్ సైన్స్) డిగ్రీ, బీటెక్ మాత్రం కాదు. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇండియా) పరీక్షలు రాసి పొందే ఏఎంఐఈ కూడా అంతే: 2013 మే 31లోపు నమోదైనవాళ్లకే కేంద్రం దాన్ని బీటెక్‌తో సమానంగా గుర్తించింది.