పడవ కంటే ముందు ఒక నోట్‌బుక్ కొనండి

కాజీపేట దగ్గర లోతట్టు కాలనీ నుంచి అడిగారు మీరు: కమిటీ దగ్గర 40 వేలు జమయ్యాయి, వరదకైనా అగ్నిప్రమాదానికైనా పనికొచ్చేలా ఏం కొంటే మంచిది, గాలి పడవా, సైరనా అని. నేను వరంగల్‌లో హంటర్ రోడ్డు వైపు, బొందివాగుకు దగ్గర్లో ఉంటాను. మా వాడకట్టు మునిగింది కాబట్టి చెబుతున్నాను. ముందు ఒక నోట్‌బుక్ కొనండి. మిగతా డబ్బు నెల రోజులు ముట్టుకోకండి.

2023 జులై 27 తెల్లవారుజామున మా గల్లీలోకి నీళ్లొచ్చాయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసి రాష్ట్రంలో రికార్డయింది అప్పుడే. మా వాట్సాప్ గ్రూపు మోగుతూనే ఉంది. కానీ అందులో ఉన్నవాళ్లంతా ఇళ్ల ఓనర్లు. సగం మంది హైదరాబాద్‌లో, కొందరు అమెరికాలో ఉంటారు. కింది పోర్షన్లలో కిరాయికి ఉండేవాళ్లు ఒక్కరూ లేరు. నీళ్లు ముందు దూరేది వాళ్ల గదుల్లోకే కదా!

మా వెనక ఇంట్లో ఒంటరిగా ఒక అవ్వ ఉంటుందని నాకు ఆ రోజు దాకా తెలియదు. ఆమెకు చెవులు సరిగా వినిపించవు. పని మీద ఊరెళ్లిన కొడుకు ఎవరెవరికో ఫోన్ చేస్తే, ఆ కబురు చేతులు మారి నా దాకా వచ్చేసరికి ఆరు దాటింది. అప్పటికి కరెంటు తీసేశారు. తలుపు నెట్టి చూస్తే బియ్యం డబ్బా, బట్టల మూట, పింఛను పుస్తకం మంచం మీద పొడిగా ఉన్నాయి. ఆమె మాత్రం తొడల లోతు నీళ్లలో మంచం కోడు పట్టుకుని నిలబడి ఉంది. చేతులు చల్లబడిపోయాయి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా చీరతో నడుముకు కట్టి, నలుగురం మోసుకొచ్చి పక్కింటి బంగ్లా మీదికి చేర్చాం. మేము అరగంట ఆలస్యంగా వెళ్లి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

అదే రోజు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో ఊరు ఊరంతా డాబాలు, చెట్లు ఎక్కింది. పడవలు, హెలికాప్టర్లు వచ్చాయి, జనాన్ని కాపాడాయి. అయితే అవి వచ్చేదాకా గడిచే గంటల్లో మనిషికి పక్కింటివాళ్లే దిక్కు. అందుకే నోట్‌బుక్ అంటున్నాను.

ఒక ఆదివారం ఇద్దరిద్దరుగా ఇల్లిల్లూ తిరగండి. గ్రూపులో ఫారం పెడితే మళ్లీ ఓనర్లే నింపుతారు. ప్రతి గదిలో ఎంతమంది, నడవలేనివాళ్లు ఎవరు, ఇన్సులిన్, డయాలసిస్, ఆక్సిజన్ అవసరం ఎవరికి, నిండు చూలాలు ఎవరు, ఊళ్లో లేకపోతే తాళంచెవి ఎవరి దగ్గర... ఇవన్నీ రాయండి. మీ గల్లీలో నర్సు, ఎలక్ట్రీషియన్, ట్రాక్టర్ డ్రైవర్ ఎవరున్నారో కూడా అప్పుడే తెలుస్తుంది. మాకు రెండు సందుల అవతలే ఒక రిటైర్డ్ ఫైర్‌మన్ ఉన్నారని అలాగే తెలిసింది. జబ్బుల వివరాలున్న పేజీలను ఫొటో తీసి గ్రూపులో పెట్టకండి. అవి ఇద్దరి దగ్గరే ఉండాలి.

తర్వాత జతలు కలపండి. పైఅంతస్తులో ఉన్న ఒక్కో కుటుంబం కింద ఉన్న రెండు ఇళ్ల బాధ్యత తీసుకోవాలి. "అందరం అందరినీ చూసుకుందాం" అనుకుంటే ఎవరూ ఎవరినీ చూడరు. ఫలానా తలుపు ఫలానా వాళ్లే తట్టాలి.

మా దగ్గర బాగా పనిచేసింది గుడి ప్రహరీ మీద వేసుకున్న రెండు గీతలు. వరద నీళ్లు పసుపు గీత తాకితే బండ్లు ఎత్తైన చోటికి, కాగితాలు, మందులు సంచిలోకి. ఎర్ర గీత తాకకముందే మెయిన్ స్విచ్ ఆపి, సిలిండర్ రెగ్యులేటర్ ఆపేసి అందరూ పైకి. 2023లో "ఇంకాస్త చూద్దాం" అంటూ వాదించుకుంటూ గంట పోగొట్టుకున్నాం. గీత ఉంటే వాదన ఉండదు. స్విచ్ మాత్రం నీళ్లలో నిలబడి ముట్టుకోవద్దు, లైన్‌మన్‌కు ఫోన్ చేయండి. పారే నీళ్లు మోకాలు లోతే ఉన్నా మనిషిని పడేస్తాయి, రోడ్డు మీదైనా సరే దాటనివ్వకండి.

వరద ఒక్కటే అనుకోకండి. 2024 డిసెంబర్ 4 పొద్దున 7:27కి ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు మేమంతా మెట్ల మీద తోసుకుంటూ దిగి, పోయి పోయి కరెంటు తీగల కింద నిలబడ్డాం. మా నోట్‌బుక్‌లో దానికి పేజీ లేదు. ఇప్పుడు స్కూలు మైదానం అని రాసుకున్నాం. ఊగుతున్నంతసేపు బల్ల కింద తలదాచుకుని, ఆగాక అక్కడికి వెళ్లాలి.

ఇక మనుషుల పొరపాట్లతో వచ్చేవి. మా గల్లీలో ఒక ఫంక్షన్‌లో సిలిండర్ లీకైంది. వాసన రాగానే ఒకాయన వెలుతురు కోసం లైటు స్విచ్ మీద చేయి వేయబోయాడు. ఆ ఫైర్‌మన్ అరిచి ఆపారు. స్విచ్ వేయొద్దు, తీయొద్దు, కిటికీలు తెరిచి బయటికి రావాలి, 1906కు ఫోన్ చేయాలి. ఇది మా కాలనీలో చదువుకున్నవాళ్లకే తెలియదు. ఆ తర్వాత ఆయనే ఓ సాయంత్రం మూకుడులో మండుతున్న నూనె మీద మూత పెట్టి ఆర్పి చూపించారు. నీళ్లు పోస్తే మంట ఎగసిపడుతుందని మా పిల్లలకు అప్పటి నుంచి గుర్తుండిపోయింది.

మీ 40 వేలకు వద్దాం. పడవ వద్దు. నడపడం వచ్చినవాళ్లు లేకపోతే అదే ప్రమాదం. రెండు పౌడర్ రకం అగ్నిమాపక సిలిండర్లు (వాటి మీటరు ముల్లు పచ్చ రంగు మీద ఉందో లేదో నెలనెలా చూడాలి), గట్టి తాళ్లు, లారీ ట్యూబులు నాలుగు, చార్జింగ్ టార్చీలు, ఇంటికో విజిల్, సంపుల కోసం బ్లీచింగ్ పౌడర్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, కర్రలు. వరద తగ్గాక ఇళ్లలో పాములుంటాయి, చెప్పుల్లేకుండా, చేతులతో సామాను కదపొద్దు. 112, 108, 101 నంబర్లు గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. ఫోన్లో చార్జింగ్ ఉండదు, బటన్ ఫోన్ ఒకటి విడిగా దాచండి. సైరన్‌కు బదులు గుడి మైకు, మసీదు మైకు వాడుకోవచ్చా అని ముందే అడిగి పెట్టుకోండి. మా దగ్గర రెండు చోట్లా వెంటనే సరే అన్నారు.

2025 అక్టోబర్ 29న మొంథా తుపాను వానకు వరంగల్ మళ్లీ మునిగింది. పసుపు గీత తడవకముందే పక్కింటి పై పోర్షన్ అమ్మాయి వెళ్లి అవ్వను తీసుకొచ్చింది. బియ్యం డబ్బా కూడా వచ్చింది. కానీ కొత్తగా దిగిన ఒక కుటుంబం పేరు నోట్‌బుక్‌లో లేక వాళ్లను చివర్లో చూశాం. అందుకే ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం తిరుగుతున్నాం, పేర్లు పెన్సిల్‌తోనే రాస్తున్నాం.