కామోమైల్ వేస్తానన్న సౌమ్యకి

సౌమ్యా,

ఎండుపూలతో టీ కాచుకునే ఆ కామోమైల్ మొక్కని బాల్కనీలో వేస్తానని రాశావు, మంచిదే. కానీ ఈ వానల్లో మొదలుపెట్టకు. మన హైదరాబాద్‌లో అది అచ్చంగా చలికాలం మొక్క. దసరా వెళ్లాక, అక్టోబరు నెలాఖరులో గింజలు చల్లితే జనవరి, ఫిబ్రవరిలో పూస్తుంది. శివరాత్రి దాటి ఎండ ముదిరాక మొక్క ఎండిపోతుంది. నీళ్లు చాలలేదేమోనని అప్పుడు కంగారు పడకు, దాని ఆయుష్షే అంత.

ప్యాకెట్ మీద జర్మన్ కామోమైల్ అని ఉందో లేదో చూసుకో. రోమన్ రకం చల్లటి ఊళ్లకే బాగుంటుంది. గింజలు మరీ సన్నం, వెయ్యి కలిపినా గ్రాములో పదో వంతు తూగుతాయేమో. పిడికెడు పొడి ఇసుకలో కలిపి చల్లు. పైన మట్టి మాత్రం కప్పకు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. అరచేత్తో మెల్లగా అదిమి, స్ప్రే బాటిల్‌తో తడుపు. మగ్గుతో పోశావంటే అన్నీ కొట్టుకుపోయి ఒక మూలకు చేరతాయి. వారం పది రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. వేలెడు ఎత్తు వచ్చాక జానెడు దూరానికొకటి ఉంచి, మిగతావి వేరే కుండీల్లో నాటుకో.

మట్టి గురించి టెన్షన్ వద్దు. లక్నో వైపు చవుడు నేలల్లో కూడా దీన్ని పండించారు. నీళ్లు నిలవకుండా చూడు, ఎరువు తగ్గించు. పేనుబంక, అదే రసం పీల్చే సన్న పురుగు, ఎలాగూ పడుతుంది. తాగే పూలు కనుక మందు కొట్టొద్దు, నీళ్లు గట్టిగా చిమ్మి కడిగెయ్.

తెల్ల రేకులు అడ్డంగా పరుచుకున్నప్పుడే పూలు కోయాలి. కిందికి వాలిపోయాయంటే ఆలస్యమైనట్టే. పొద్దున మంచు ఆరాక కొయ్యి. ఒక పువ్వు తీసి పసుపు బొడిపెను నిలువునా కోసి చూడు, లోపల బోలుగా ఉంటే నీ దగ్గరున్నది సరైన రకమే. ఎండలో పోస్తే వాసనంతా పోతుంది కాబట్టి నీడలో పలుచటి బట్ట మీద ఆరబెట్టు. నలిపితే పొడి అయ్యేదాకా ఆరాకే సీసాలో పొయ్యి. ఐదు కిలోల పచ్చిపూలు ఎండితే కిలోకి వస్తాయి. అందుకని నాలుగు కుండీలతో ఏడాదంతా తాగొచ్చని లెక్కలు వేసుకోకు.

కప్పు మరిగిన నీళ్లలో ఒకటి రెండు చెంచాల ఎండుపూలు వేసి, మూత పెట్టి, పది నిమిషాలాగి వడకట్టు. మూత ముఖ్యం, పనిచేసే తైలం ఆవిరితోనే పోతుంది. కడుపుబ్బరానికి, తిన్నది అరగనప్పుడు ఇది హాయినిస్తుంది. చిగుళ్లు మండుతుంటే చల్లార్చి పుక్కిలించొచ్చు. నిద్రకి మాత్రం జనం చెప్పుకునేంత గట్టి రుజువులు లేవు. నన్నడిగితే, మీ అత్తగారు రాత్రి ఎనిమిదింటికి తాగే కాఫీ మాన్పిస్తే ఇంతకంటే ముందు గుణం కనిపిస్తుంది. ఆ మాట ఆవిడతో చెప్పేది నువ్వు కాదులే, మీ ఆయనతో చెప్పించు.

ఆవిడ రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటారు కదా. వార్ఫరిన్ లాంటి మందుతో పాటు దీన్ని తాగితే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. డాక్టర్‌ని అడగకుండా ఒక్క కప్పు కూడా ఇవ్వకు. నీకేమో వయ్యారిభామ మొక్క తగిలితే ఒళ్లంతా దద్దుర్లు. కామోమైల్, చామంతి, వయ్యారిభామ అన్నీ ఒకే కుటుంబం. కాబట్టి పూలు కోసే పని మీ ఆయనకే అప్పగించు. నువ్వు తాగడం కూడా డాక్టర్‌ని అడిగాకే. కళ్లమంటకి ఆ నీళ్లతో కడగమని ఎవరైనా చెప్పినా వినకు. బాబుకి ఏడాది నిండలేదు, కడుపునొప్పి అని వాడికి ఇది పట్టొద్దు. అందులో తేనె కలపడం అసలే వద్దు, ఏడాదిలోపు పిల్లలకి తేనె ప్రమాదం.

అక్టోబరు దాకా టైముంది. ఈలోగా మీ ఇద్దరి సంగతీ డాక్టర్‌ని అడుగు. ఇద్దరికీ వద్దంటే ఒక్క కుండీ వెయ్యి చాలు, మీ ఆయన తాగుతాడు.

మీ పెద్దమ్మ