అద్దె ఇల్లు అమ్ముతుంటే ముందుగా అడగవలసింది ఎవరిని?

ప్రశ్న: మేము పాలకొల్లులో మూడున్నర సెంట్ల స్థలంలోని పెంకుటింట్లో 19 ఏళ్లుగా అద్దెకు ఉంటున్నాము. ఇంటి యజమాని గారు కిందటేడు కాలం చేశారు. హైదరాబాదులో స్థిరపడిన వారి అబ్బాయిలు ఇల్లు అమ్మకానికి పెట్టారన్న సంగతి, మధ్యవర్తి ఎవరినో వెంటబెట్టుకొని వచ్చి గదులు చూపించిన రోజున గానీ మాకు తెలియలేదు. “అమ్మవలసి వస్తే ముందు మీకే చెబుతానమ్మా” అని పెద్దాయన చాలాసార్లు అన్నారు. అగ్రిమెంటు 11 నెలలకు ఒక్కసారే రాసుకున్నాము, మళ్లీ తిరగరాయలేదు. రెండుసార్లు పెంకు మార్పించుకున్నాము. బ్యాంకు అప్పు తీసుకొని ఆ ఇల్లు మేమే కొనుక్కోగలము. ముందుగా మాకే అమ్మమని అడిగే హక్కు ఉన్నదా?
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: అమ్మా, ఆ హక్కును మన రాష్ట్రంలో అద్దె ఇళ్లలో ఉన్నవారికి చట్టం ఇవ్వలేదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం తన పరిధిలోకి వచ్చే ఇళ్లలో ఏయే కారణాలపై ఖాళీ చేయించవచ్చునో చెప్పిందే తప్ప, అమ్మేటప్పుడు ముందుగా అద్దెదారును అడగాలని చెప్పలేదు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో, నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదన్న నియమం ఉన్నది గానీ ఈ ఊసు లేదు.

అయితే ఇల్లు చేతులు మారిన మర్నాడే మీరు సామాను సర్దుకోనక్కరలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షను ప్రకారం కొన్నవారు పాత యజమాని స్థానంలోకి వస్తారు, మీ అద్దె వారి కింద కొనసాగుతుంది. అగ్రిమెంటు గడువు ఏనాడో తీరిపోయింది కనుక మీది నెలసరి అద్దె అవుతుంది. 106వ సెక్షను కింద 15 రోజుల నోటీసుతో దానిని ముగించవచ్చు. ఆ తరువాత కూడా మీరు ఖాళీ చేయకపోతే వారు కోర్టుకు వెళ్లాలే తప్ప తాళం వేయడానికీ, కరెంటు తీయించడానికీ వీలు లేదు.

పెద్దాయన మాట సంగతి నన్ను ఎక్కువగా బాధించింది. ఆ మాటే ధర నిర్ణయించే పద్ధతితో, గడువుతో, ఆయన సంతకంతో రిజిస్టరు అయిన కాగితం మీద ఉండి ఉంటే, ఈనాడు మీ స్థితి పూర్తిగా వేరుగా ఉండేది. వారసులకే కాదు, ఆ ఒప్పందం సంగతి తెలిసి కొన్నవారికి కూడా అది వర్తిస్తుంది. ఇంట్లో మరొకరు కాపురం ఉంటున్నప్పుడు, వారికి ఆ ఇంటి మీద ఉన్న హక్కులు కొనేవారికి తెలిసినట్లే చట్టం భావిస్తుంది. అద్దెదారుతో ముందే అమ్మకపు ఒప్పందం ఉన్న ఒక వ్యాజ్యంలో సుప్రీం కోర్టు 2000లో ఈ సూత్రాన్నే స్థిరపరిచింది. కాని ధర లేని, గడువు లేని నోటిమాటను కోర్టులో నిలబెట్టడం చాలా కష్టమని మీకు దాచకుండా చెప్పాలి.

ఇప్పుడు మీరు చేయవలసింది జాప్యం లేకుండా చేయండి. మీరు కొనదలచిన ధరను, అప్పు ఇస్తామని బ్యాంకు ఇచ్చిన పత్రాన్ని జతచేసి, వారసులందరికీ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. అబ్బాయిలని మాత్రమే రాశారు. ఆయన భార్య గానీ, కూతుళ్లు గానీ ఉన్నారా? అది ఆయన స్వార్జితమై, వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం వారికి కూడా కొడుకులతో సమానమైన వాటా ఉంటుంది, వారి సంతకం లేని దస్తావేజు లోపంతోనే ఉంటుంది. ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టరయిన అమ్మకాలు, తాకట్టులు చూపే ధ్రువపత్రం) తీయించి, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చూసిన తరువాతనే బయానా ఇవ్వండి. పెంకుకు పెట్టిన ఖర్చు వల్ల ఇంటి మీద హక్కు రాదు, బేరంలో మాత్రం దానిని చెప్పుకోవచ్చు.

ఇక చట్టం మారాలా అంటే, మారాలనే నా అభిప్రాయం. ఈ ఆలోచన మన డెల్టాకు కొత్తది కాదు. భూమి అమ్మదలచిన యజమాని ముందుగా సాగుచేస్తున్న కౌలుదారుకు తెలియజేయాలన్న నియమాన్ని 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టంలో పెట్టారు. కౌలు మాటలు నోటితోనే నడిచినందువల్ల ఆ హక్కు ఎందరికో చేతికి అందలేదు. పొలం దున్నినవాడిని ముందుగా అడగాలని ఒప్పుకున్న మనం, 19 ఏళ్లు దీపం పెట్టిన ఇల్లాలిని అడగనక్కరలేదని అనడం న్యాయంగా లేదు. ఫ్రాన్సులో 1989 నాటి చట్టం ప్రకారం, అమ్మడం కోసం ఖాళీ చేయమని యజమాని ఇచ్చే నోటీసే అద్దెదారుకు అమ్మజూపినట్లు లెక్క. ఆ నోటీసు అద్దె గడువుకు ఆరు నెలల ముందు ఇవ్వాలి, అద్దెదారు రెండు నెలల్లో బదులు చెప్పాలి. తరువాత ఇతరులకు ధర తగ్గించి అమ్మబోతే మళ్లీ ఆ తగ్గిన ధరకు అతనినే అడగాలి. ఈ చివరి షరతు లేకపోతే, పెద్ద ధర చెప్పి అద్దెదారును తప్పించి, పక్కవారికి తక్కువకు ఇవ్వడం ఎంతో తేలిక.

ప్రశ్న: అమలాపురంలో నాకు రెండు వాటాల ఇల్లు ఉన్నది. అమ్మాయి పెళ్లికి అమ్మవలసి రావచ్చు. ఇటువంటి చట్టం వస్తే అద్దెదారు అడ్డుపడి నెలల తరబడి తిప్పుకోడా?
— ఒక ఇంటి యజమాని, అమలాపురం

జవాబు: మీ భయం సహేతుకమైనది. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1980 చట్టంతో అద్దెదారులకు ఈ హక్కు ఇచ్చారు. దానిని ఇతరులకు డబ్బుకు అమ్ముకోవడం, అమ్మకాలు ఆగిపోవడం పెరగడంతో 2018లో ఒకే కుటుంబం నివసించే ఇళ్లను దాని నుంచి మినహాయించారు. అందుచేత ఈ హక్కు అద్దెదారు తన నివాసం కోసం వాడుకొనేదిగా, ఎవరికీ బదలాయించలేనిదిగా ఉండాలి, గడువులోగా బదులు రాకపోతే దానంతట అదే రద్దు కావాలి. పిల్లలకు రాసిచ్చే ఇల్లు దీని పరిధిలోకి రాకూడదు. మీకు అందవలసిన ధరలో ఒక్క రూపాయి తగ్గించమని ఎవరూ కోరడం లేదు. ఆ ధరకే ముందుగా మీ వాటాలో ఉన్నవారిని అడిగి, వారి బదులు కాగితం మీద తీసుకోండి. దానికి చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు.