పాత రోజుల్లో దానాలు, కానుకలు నిజంగా ఏమీ ఆశించకుండానే ఇచ్చేవారా?

ఆశించకుండా ఇచ్చినవాళ్లు లేరని అనను గానీ, ఎక్కడో ఒకచోట రాయించకుండా ఇచ్చినవాళ్లు మాత్రం తక్కువే.

మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వైపు. మా ఇళ్లలో పెళ్లంటే చదివింపుల దగ్గర ఒక పెద్దాయన పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు, పక్కనే మైకు. ఫలానా ఊరి ఫలానావారు నూటపదహార్లు చదివించారని పందిరంతా వినపడాలి. ఎన్నేళ్లకో వాళ్లింట్లో పెళ్లొస్తే మా అమ్మ బీరువాలోంచి ఆ పుస్తకం తీసి, వాళ్లు మనకెంత పెట్టారో చూసి, దానిమీద కాస్త వేసి చదివిస్తుంది. సరిగ్గా అంతే పెడితే బాకీ తీర్చేసుకున్నట్టు ఉంటుందట!

శ్రీకూర్మం, ముఖలింగం గుళ్లలో శాసనాలున్నాయి కదా, అవీ నాకు ఇలాంటి పుస్తకాల్లాగే కనిపిస్తాయి. తూర్పు గాంగుల కాలంలో అఖండదీపం పెట్టించడం పెద్ద దానం. దాత ఆవుల్నో గొర్రెల్నో మాడలనో (అప్పటి బంగారు నాణేలు) ఇస్తే, అవి తీసుకున్నవాళ్లు దీపానికి రోజూ నెయ్యి పోయాలి. అసలు సొమ్ము కదలదు, దానిమీద వచ్చేదానితోనే దీపం వెలుగుతుంది. భూదానమైతే చాలాసార్లు చివర ఒక తిట్టు కూడా చెక్కించేవారు: తనిచ్చిందైనా, ఇంకొకరిచ్చిందైనా ఆ భూమి లాక్కున్నవాడు 60 వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడని. (ఈ శ్లోకం మన జిల్లా సొంతమేం కాదు, దేశమంతా ఉంది.) రాజులకి సొంత మనవళ్ల మీదే నమ్మకం లేదన్నమాట.

కవులూ తక్కువ తినలేదు. రాయలు పోయాక పెద్దన ఏడుస్తూ చెప్పాడనే చాటుపద్యం చూడండి: ఎదురైతే ఏనుగుని ఆపి చెయ్యి అందించాడు, మనుచరిత్ర అందుకునేటప్పుడు పల్లకీ తన చేత్తో ఎత్తాడు, కోకటం లాంటి అగ్రహారాలిచ్చాడు, గండపెండేరం తనే కాలికి తొడిగాడు... ఏడుపులో కూడా పద్దు ఒక్కటీ మర్చిపోలేదు. పోతన మాత్రం ఈ ఇచ్చిపుచ్చుకోవడమే వద్దని భాగవతాన్ని రాజులకివ్వలేదు.

అలాగని అంతా వ్యాపారమేనంటే నేనొప్పుకోను. వ్యాపారం ఎలా ఉంటుందో చూడాలంటే 1892లో విజయనగరంలో మొదట ఆడిన కన్యాశుల్కం చాలు. విశాఖపట్నం జిల్లాలో పిల్లనిచ్చేందుకు శుల్కం, అంటే డబ్బు, పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాల లెక్క మహారాజా ఆనందగజపతి తీయిస్తే మూడేళ్లకి 1034 తేలాయని గురజాడే ముందుమాటలో రాశారు. పీటల మీద మంత్రం కన్యాదానం, చాటున బేరం. మా చదివింపుల్లో ఎవరైనా తక్కువ పెడితే అమ్మ నాలుగు రోజులు సణుగుతుంది, అయినా మళ్లీ పెళ్లికి మొదటి శుభలేఖ వాళ్లకే వెళ్తుంది. నాటకంలో ముసలి లుబ్ధావధాన్లు చిన్నపిల్ల సుబ్బిని 1800 రూపాయలకి ఖాయం చేసుకుని కూడా, ఆ పిల్ల మేనమామ కరటకశాస్త్రి ఆడవేషం కట్టిన శిష్యుణ్ణి అంతకంటే తక్కువకిస్తాననగానే ఇటు తిరిగిపోయాడు.