గైడ్ హెచ్-ఇండెక్స్ 52 అయితే అమ్మాయి భవిష్యత్తుకు భరోసా ఉన్నట్టేనా?

ప్రశ్న: మాది చెన్నై అంబత్తూరు. మా అమ్మాయి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది, పరిశోధనకు నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వచ్చింది. పీహెచ్‌డీకి రెండు చోట్ల సీటు దొరికింది. ఒకటి ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీ, అక్కడి గైడ్ హెచ్-ఇండెక్స్ 52, ఏడాదికి అరవై పరిశోధన పేపర్లు వేస్తారట, ప్రపంచ టాప్ 2 శాతం లిస్టులో కూడా ఉన్నారు. అమ్మాయేమో ప్రభుత్వ సంస్థలో కొత్తగా చేరిన ఒక మేడమ్ దగ్గర తోళ్ల ఫ్యాక్టరీల మురుగునీటి మీద పని చేస్తానంటోంది. ఆవిడ హెచ్-ఇండెక్స్ 9. మా అన్నయ్య కొడుకు రెండేళ్లలో పదకొండు పేపర్లు వేశాడు. డబ్బిస్తే పేపర్లో పేరు పెట్టిస్తామని వాట్సాప్‌లో ఒకతను అంటున్నాడు, అదైనా చేయించమంటారా? రెండు చోట్లనూ పోల్చి చెప్పండి.

జవాబు: సార్, పోల్చి చెబుతాను, ముందు ఆ వాట్సాప్ సంగతి తేల్చుకుందాం, మీ ప్రశ్నలో నాకు కోపం తెప్పించింది అదే. డబ్బిచ్చి పేపర్లో పేరు వేయించుకోవడమంటే పరీక్ష ఇంకొకరి చేత రాయించడమే, అందులో తేడా ఏమీ లేదు. జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న పిల్లకు తండ్రి ఇవ్వాల్సిన సలహా ఇదేనా? ఇలాంటి పేపర్లు తయారుచేసి అమ్మేవాళ్లను పేపర్ మిల్లులంటారు. హిందావీ అనే ప్రచురణ సంస్థ 2023లో ఒక్క ఏడాదిలోనే 8 వేలకు పైగా పేపర్లను వెనక్కి తీసుకుంది, ఈ మిల్లుల పని బయటపడ్డాకే. వెనక్కి తీసుకున్న పేపర్ నెట్‌లోంచి మాయమైపోదు, పైన 'రిట్రాక్టెడ్' అన్న ముద్రతో, మీ అమ్మాయి పేరుతో సహా అక్కడే ఉంటుంది. పదేళ్ల తర్వాత ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఆమె పేరు కొట్టి చూస్తే మొదట కనబడేది అదే కావచ్చు.

ఇక ఆ 52. ఒక పేపర్‌ను మరో పేపర్లో ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారు. కనీసం 52 సైటేషన్ల చొప్పున వచ్చిన పేపర్లు 52 ఉంటే హెచ్-ఇండెక్స్ 52 అవుతుంది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ లెక్క చెప్పాడు. చెడ్డ లెక్కేమీ కాదు, కానీ అది పెరగడమే తప్ప తగ్గదు, అంటే ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నాయనకూ నిన్న చేరిన ఆవిడకూ పోటీ పెడితే ఫలితం ముందే తెలిసిపోయినట్టు. పదిహేను మంది కలిసి రాసిన పేపరైనా అందరి ఖాతాలోనూ నిండుగానే పడుతుంది. వెయ్యేసి సైటేషన్లు వచ్చిన పేపర్లు మూడే రాసినవాళ్ల హెచ్-ఇండెక్స్ 3 దాటదు. పేపర్లనూ సైటేషన్లనూ లెక్కగట్టే గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, అలాంటిదే అయిన స్కోపస్‌లో ఇంకో అంకె అదే మనిషికి కనబడతాయి. టాప్ 2 శాతం లిస్టంటారా, స్టాన్‌ఫోర్డ్‌లో పనిచేసే అయోనిడిస్ బృందం స్కోపస్ డేటాతో వేసే పట్టిక అది, స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ ఇచ్చే అవార్డు కాదు. తన పేపర్లను తానే సైట్ చేసుకున్నవి తీసేస్తే ర్యాంకు ఎంతో కూడా అందులోనే ఉంటుంది, కాలేజీ ఫ్లెక్సీల మీద మాత్రం ఆ అంకె వేయరు.

ఇప్పుడు చాలా కాలేజీలు పేపరుకింత అని బోనస్ ఇస్తున్నాయి, తల్లిదండ్రులూ అదే గొప్పనుకుంటున్నారు. నాకు దాని మీద ఏళ్లుగా అనుమానమే. ఏడాదికి అరవై పేపర్లంటే వారానికి ఒకటి దాటింది సార్. క్లాసులు, మీటింగులు, ప్రయాణాలు పోను, ఆయన తన పేరు మీద వస్తున్నవన్నీ చదవగలుగుతున్నారా? మీ అమ్మాయి ప్రయోగం మూడోసారి తప్పినప్పుడు పక్కన కూర్చుని ఎక్కడ తప్పిందో చూసే తీరిక ఆయనకు ఉంటుందా? నా దగ్గరికి వచ్చే పీహెచ్‌డీ పిల్లల్లో ఎక్కువమంది ఏడ్చింది పేపర్లు లేవని కాదు, గైడ్ నెలల తరబడి మొహం చూపించడం లేదని.

మీరు అడగకుండా దాచుకున్న భయం నాకు అర్థమైంది. ఇంత చదివి, పెళ్లి కూడా వాయిదా వేసుకుని అయిదేళ్లు ల్యాబ్‌లో గడిపాక ఎవరూ గుర్తించకపోతే ఎలా, అన్నయ్య ముందు తలెత్తుకోగలమా అని. సార్, పాలారు సంగతి చూడండి, మన కుప్పం మీదుగా వేలూరు వైపు వెళ్లే నదే. ఆ చుట్టుపక్కల తోళ్ల ఫ్యాక్టరీల కాలుష్యం మీద 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో తమిళనాడు వ్యవసాయ యూనివర్సిటీ వేలూరు పరిశోధన కేంద్రం చేసిన ఒక సర్వే ప్రస్తావన ఉంది, దాదాపు 35 వేల హెక్టార్ల సాగుభూమి కొంతవరకో పూర్తిగానో పాడైందని. కోర్టు తీర్పులో ఎక్కినంత మాత్రాన ఎవరి హెచ్-ఇండెక్సూ పెరగదు, కానీ పరిశోధన జనానికి పనికిరావడమంటే అదే కదా. మీ అమ్మాయి ఎంచుకున్నదీ అలాంటి నీళ్ల పనే. ఇదే చెన్నైలో, మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు 1963లో చూపించిన పటంతోనే ఇవాళ్టికీ ప్రపంచమంతా ప్రొటీన్ల ఆకారం సరిచూసుకుంటోంది. 'రామచంద్రన్ ప్లాట్' అన్న మాట ఎంతగా వాడుకలో కలిసిపోయిందంటే, చాలామంది ఆ పాత పేపర్‌ను సైట్ చేయాలనుకోవడం కూడా మానేశారు.

పోలిక అన్నారు కాబట్టి, ఫెలోషిప్ రెండు చోట్లా ఒకటే, మొదట నెలకు 37 వేలు. థీసిస్ ఇవ్వాలంటే పేపర్ వేసి తీరాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది, కొన్ని యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకున్నాయి కాబట్టి రెండు చోట్లా ఆ నిబంధనల కాగితం అడిగి చదవండి. మిగతాది అమ్మాయినే కనుక్కోనివ్వండి. గైడ్ లేనప్పుడు క్యాంటీన్‌లో ల్యాబ్ పిల్లలతో కూర్చుని టీ తాగమనండి, ముందు చేరినవాళ్లకు ఎన్నేళ్లు పట్టింది, మధ్యలో ఎంతమంది మానేశారు, పేపర్లో మొదటి పేరు ఎవరిది వేస్తారు అని అడగమనండి. వెనక్కి తీసుకున్న పేపర్ల జాబితా ఉండే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో ఇద్దరు గైడ్ల పేర్లూ వెతకమనండి, డబ్బులేమీ కట్టక్కర్లేదు. కొత్త మేడమ్ దగ్గర ఒక ఇబ్బంది నిజంగానే ఉంది, ల్యాబ్ ఇంకా నిలదొక్కుకోలేదు, సామాన్లు రావడానికే మొదటి ఏడాది గడిచిపోవచ్చు, ప్రాజెక్టు గ్రాంటు వచ్చిందో లేదో ఆవిడనే నేరుగా అడగాలి. గ్రాంటు ఉందంటే అమ్మాయి మాట వినండి, నేనైతే అక్కడికే పంపుతాను. లేదంటే ఫీజు కట్టేముందు నాకు మళ్లీ రాయండి. ఈసారి అమ్మాయి చేత రాయించండి సార్, ల్యాబ్‌లో అయిదేళ్లు ఉండబోయేది తను.